ఓటర్లు ఇంటికి పంపిన చీఫ్ జస్టిస్: రోజ్ బర్డ్ కథ

పౌరసత్వం వచ్చాక వేసిన మొదటి ఓటు నాకు బాగా గుర్తు. పోస్టులో వచ్చిన బ్యాలట్‌ను డైనింగ్ టేబుల్ మీద పరుచుకుని, గవర్నర్ దగ్గర్నుంచి స్కూల్ బోర్డు దాకా ఒక్కో గడీ పెన్నుతో నింపుకుంటూ పోయాను. మధ్యలో ఒకచోట చెయ్యి ఆగిపోయింది. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు జడ్జి ఫలానావారు పదవిలో కొనసాగాలా, అక్కర్లేదా? అవును, కాదు అని రెండే గడులు. పోటీగా ఇంకో పేరు లేదు. పార్టీ గుర్తూ లేదు. ఆ పేరు అంతకుముందు ఎప్పుడూ విన్నది కాదు.

మా ఆవిడ వరసగా అందరికీ అవును పెట్టేసింది. నేను ఖాళీగా వదిలేశాను. తర్వాత ఒక వీకెండ్ పార్టీలో మాటల్లో ఈ సంగతి వస్తే, మన తెలుగువాళ్లలో ఒక్కొక్కరిదీ ఒక్కో పద్ధతి అని తెలిసింది. ఒకాయన అందరికీ కాదు అనే పెడతాడట, ఎవరైనా సరే ఒకే కుర్చీలో ఏళ్ల తరబడి కూర్చోకూడదని. ఇంకొకరు ఇండియన్ పేరులా కనిపిస్తే అవును, లేకపోతే ఖాళీ. ఎక్కువమంది నాలాగే పేజీ తిప్పేసేవాళ్లు. మనకు ఇది అలవాటు లేని పని కదా. ఇండియాలో హైకోర్టు జడ్జిని కొలీజియం సిఫారసు చేస్తుంది, రాష్ట్రపతి పేరు మీద నియామకం జరుగుతుంది, 62 ఏళ్లు నిండగానే దిగిపోతారు. మధ్యలో తీసేయాలంటే పార్లమెంటు రెండు సభలూ కదలాలి. జనాన్ని అడగడం అనే మాటే లేదు.

ఇక్కడ అడుగుతారు. అడిగితే జనం కాదు అంటే ఏమవుతుందో తెలుసుకోవాలనుకుంటే రోజ్ బర్డ్ జీవితం చదవాలి. నేను పాతికేళ్లుగా ఉంటున్న శాంటా క్లారా కౌంటీలోనే ఆమె వకీలుగా పైకొచ్చారు, ఇక్కడే పోయారు. అయినా ఆమె పేరు నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

రోజ్ ఎలిజబెత్ బర్డ్ 1936 నవంబరు 2న అరిజోనాలో టూసాన్ ఊరికి దగ్గర్లో పుట్టారు. తండ్రి ఇల్లు విడిచి వెళ్లిపోయి, ఆమె పసితనంలోనే చనిపోయాడు. ముగ్గురు పిల్లలు. తల్లి వాళ్లను వెంటబెట్టుకుని న్యూయార్క్ వైపు వచ్చి, ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో పనిచేసి పెంచింది. ఆ తల్లి చివరిదాకా కూతురి దగ్గరే ఉంది. రోజ్ లాంగ్ ఐలండ్ యూనివర్సిటీలో 1958లో డిగ్రీ పూర్తి చేసి, కొన్నాళ్లు సెక్రటరీ ఉద్యోగం చేసి డబ్బు కూడబెట్టుకుని, బర్కిలీకి వచ్చారు. 1965లో అక్కడే లా డిగ్రీ అందుకున్నారు. నెవడా సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్ దగ్గర ఏడాది క్లర్కుగా పనిచేసి, 1966లో శాంటా క్లారా కౌంటీ పబ్లిక్ డిఫెండర్ ఆఫీసులో చేరారు. వకీలును పెట్టుకునే స్తోమత లేనివాళ్ల తరఫున ప్రభుత్వ ఖర్చుతో వాదించే ఆఫీసు అది. అక్కడ చేరిన మొదటి మహిళా వకీలు ఆమే. ఎనిమిదేళ్లు పనిచేశారు. చివరి రెండేళ్లూ స్టాన్‌ఫర్డ్ లా స్కూల్లో పాఠాలు కూడా చెప్పారు.

ఆమె జీవితం తిరిగిన మలుపు జెర్రీ బ్రౌన్. మనలో చాలామందికి ఆయన 2011 నుంచి 2019 దాకా గవర్నర్‌గా ఉన్న పెద్దాయనగానే తెలుసు. ఆయన మొదటిసారి గవర్నర్ అయ్యింది 1975లో, 36 ఏళ్ల వయసులో. బర్కిలీలో చదివే రోజుల్నుంచి రోజ్‌కు పరిచయం. 1974 ఎన్నికల ప్రచారంలో ఆమె వాలంటీరుగా ఆయన కారు నడిపారు. గెలిచాక ఆయన ఆమెను వ్యవసాయ, సర్వీసుల శాఖ కార్యదర్శిగా కేబినెట్‌లోకి తీసుకున్నారు. కాలిఫోర్నియా కేబినెట్‌లో ఒక మహిళ కూర్చోవడం అదే మొదలు.

ఆ రెండేళ్లలో చేసిన రెండు పనులు ఆమెను తర్వాత పన్నెండేళ్లు వెంటాడాయి. మొదటిది పొట్టి పిడి పార. లెట్యూస్, షుగర్ బీట్ తోటల్లో కూలీలతో అడుగున్నర పొడవు పిడి ఉన్న పారతో పనిచేయించేవారు. దాంతో రోజంతా నడుం వంచి ఉండాల్సిందే. మన ఊళ్లలో వరి నాట్లు, కలుపు చూసినవాళ్లకు ఆ నొప్పి చెప్పక్కర్లేదు. యజమానులకు మాత్రం అందులో ఒక సౌకర్యం ఉంది: నడుం ఎత్తినవాడు పని ఆపినట్టు దూరం నుంచే తెలిసిపోతుంది. 1975లో ఆ పార మీద నిషేధం వచ్చింది. దాన్ని అమలులోకి తేవడంలో ఆమె చెయ్యి ఉంది. రెండోది, అదే ఏడాది వచ్చిన వ్యవసాయ కార్మికుల చట్టం. పొలం కూలీలు రహస్య బ్యాలట్‌తో తమ యూనియన్‌ను ఎన్నుకునే హక్కు దాంతో వచ్చింది. ఆ చట్టం రూపకల్పనలో ఆమెది పెద్ద పాత్ర. సెంట్రల్ వ్యాలీలోని పెద్ద రైతులు, వ్యవసాయ కంపెనీలు ఆ పేరును గుర్తుపెట్టుకున్నాయి.

1977లో చీఫ్ జస్టిస్ డొనాల్డ్ రైట్ రిటైర్ అయ్యారు. ఇక్కడ జడ్జిని ఎలా ఎంచుతారో కొంచెం చెప్పాలి. 1934కి ముందు కాలిఫోర్నియాలో సుప్రీంకోర్టు జడ్జిలు కూడా ఎమ్మెల్యేల్లా ఒకరి మీద ఒకరు పోటీచేసి గెలవాల్సి వచ్చేది. విరాళాలు, పోస్టర్లు, హామీలు అన్నీ ఉండేవి. ఆ గొడవ వద్దని 1934లో రాజ్యాంగం మార్చారు. గవర్నర్ ఒక పేరు చెబుతాడు. ముగ్గురు సభ్యుల కమిషన్ దాన్ని ఆమోదించాలి: చీఫ్ జస్టిస్, అటార్నీ జనరల్, అప్పీల్ కోర్టుల్లో అందరికంటే సీనియర్ ప్రిసైడింగ్ జడ్జి. తర్వాత వచ్చే గవర్నర్ ఎన్నికల్లో ఆ జడ్జి పేరు జనం ముందుకు వస్తుంది. పూర్తి గడువు 12 ఏళ్లు. గడువు తీరాక మళ్లీ అదే ప్రశ్న. ఎదురుగా ఇంకో అభ్యర్థి ఉండడు. అర్హత విషయానికొస్తే, పదేళ్లు బార్‌లో సభ్యత్వం ఉంటే చాలు, ఒక్కరోజు కూడా జడ్జిగా పనిచేసి ఉండనక్కర్లేదు.

బ్రౌన్ ఆ అవకాశాన్ని పూర్తిగా వాడుకున్నాడు. అప్పటికే బెంచి మీదున్న స్టాన్లీ మోస్క్ తనకే వస్తుందని ఆశపెట్టుకున్నాడు. బ్రౌన్ ఆయన్ని పక్కనపెట్టి రోజ్ బర్డ్ పేరు చెప్పాడు. వయసు 40. జడ్జిగా అనుభవం సున్నా. ఆ కోర్టులో అంతవరకు ఒక్క మహిళ కూడా కూర్చోలేదు, ఈమె ఏకంగా చీఫ్ జస్టిస్. ఫ్రెస్నో నుంచి ఒక క్యాథలిక్ బిషప్ ఆమె స్వభావం ఆ పదవికి తగదని ఉత్తరం రాశాడు. కమిషన్‌లో అప్పీల్ కోర్టు జడ్జి వద్దన్నాడు. తాత్కాలిక చీఫ్ జస్టిస్‌గా ఉన్న టోబ్రినర్ సరేనన్నాడు. మిగిలింది అటార్నీ జనరల్ ఎవెల్ యంగర్. ఆయన రిపబ్లికన్, పైగా మరుసటి ఏడాది బ్రౌన్ మీదే గవర్నర్‌గా పోటీకి సిద్ధమవుతున్నవాడు. అయినా ఆయన ఓటు ఆమెకే పడింది. 2–1తో గట్టెక్కారు. చట్టప్రకారం అర్హత ఉందా లేదా అన్నదే తన పని అనుకుని ఆయన ఓటేశాడు. ఈ కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. అలాంటి ఓటు ఇప్పుడు ఎవరైనా వేస్తారా అంటే నేను చెప్పలేను.

కోర్టులోకి అడుగుపెట్టాక ఆమె తీరు అందరికీ రుచించలేదు. చీఫ్ జస్టిస్‌కు ఇచ్చే కాడిలాక్ కారును అమ్మించేశారు. ప్రయాణాల్లో ఖరీదైన హోటళ్లు వద్దన్నారు. ఇవి వినడానికి బాగానే ఉంటాయి. కానీ ఏళ్ల తరబడి అక్కడ పాతుకుపోయిన సిబ్బందిని, తోటి జడ్జిలను కలుపుకుపోవడం ఆమెకు చేతకాలేదు. బయటివాళ్లను తెచ్చుకుని వాళ్లనే నమ్మారు, తలుపులు మూసుకున్నారు. అప్పటికే, 1976లో, ఆమెకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. ఆ జబ్బు మళ్లీ మళ్లీ తిరగబెట్టింది కూడా. ఆ భయాన్ని లోపల పెట్టుకుని పనిచేసిన మనిషి కాస్త ముభావంగా ఉన్నారంటే నాకు ఆశ్చర్యం లేదు. అయితే రాజకీయాల మధ్య నడిచే కుర్చీలో ముభావం ఖరీదైన అలవాటు.

ఆమె చేరిన ఏడాదే ఆ కోర్టులో జరిగిన ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. మార్షల్ మెకోంబ్ అనే జడ్జికి 80 దాటాయి. కోర్టు నడుస్తుండగా నిద్రపోయేవాడు. మతి సరిగా నిలిచేది కాదు. కానీ దిగనన్నాడు. కాలిఫోర్నియాలో జడ్జిలకు రిటైర్మెంట్ వయసు లేదు. 70 దాటాక కూడా కూర్చుంటే పెన్షన్‌లో కోత పడే నిబంధన మాత్రం అప్పట్లో ఉండేది. జనం ఓటు కోసం ఆగాలంటే ఏళ్లు పట్టేది. చివరికి అప్పీల్ కోర్టు జడ్జిలతో ఒక ప్రత్యేక ట్రిబ్యునల్ వేసి, వృద్ధాప్యం వల్ల మతి తప్పిందని తేల్చి, 1977లో బలవంతంగా రిటైర్ చేశారు. దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ మోస్క్. ఆయన 37 ఏళ్లు ఆ బెంచి మీదే ఉండి, 2001లో 88వ ఏట పదవిలో ఉండగానే కన్నుమూశాడు, చివరిదాకా తీర్పులు రాస్తూనే. ఒకే గదిలో కూర్చున్న ఇద్దరు ముసలివాళ్లు. వయసు గీత ఎక్కడ గీయాలో ఎవరు చెప్తారు?

1978 నవంబరులో రోజ్ బర్డ్ మొదటిసారి బ్యాలట్ మీదకు వచ్చారు. వ్యవసాయ కంపెనీల డబ్బు, శాంతిభద్రతల పేరుతో ఒక రిపబ్లికన్ సెనేటర్ నడిపిన కమిటీ కలిసి ఆమె మీద ప్రచారం చేశాయి. ఎన్నికల రోజు పొద్దున లాస్ ఏంజిలెస్ టైమ్స్ ఒక వార్త వేసింది. తుపాకితో నేరం చేసినవాడికి జైలు తప్పనిసరి అనే 1975 చట్టాన్ని బలహీనపరిచే తీర్పు ఒకటి కోర్టు దగ్గర సిద్ధంగా ఉందనీ, ఎన్నికలు అయ్యేదాకా దాన్ని తొక్కిపెట్టారనీ ఆ వార్త సారాంశం. అయినా 51.7 శాతం ఓట్లతో ఆమె బయటపడ్డారు. ఆ కోర్టు జడ్జిలకు అలవాటైన మెజారిటీలతో పోలిస్తే అది బొటాబొటీ.

ఆరోపణ నిజమో కాదో తేల్చమని ఆమే విచారణ అడిగారు. 1979లో విచారణ మొదలైంది. సుప్రీంకోర్టు జడ్జిలు సాక్షుల కుర్చీలో కూర్చుని, ఎవరు ఎప్పుడు ఏ డ్రాఫ్టు రాశారో, ఎవరితో ఏం మాట్లాడారో జనం ముందు చెప్పాల్సి వచ్చింది. మోస్క్ బహిరంగంగా సాక్ష్యం చెప్పనని కోర్టుకెళ్లి గెలిచాడు. దాంతో మిగతా విచారణ తలుపుల వెనక్కు పోయింది. చివరికి ఎవరి మీదా ఏ అభియోగమూ పెట్టలేదు. కానీ ఆ కోర్టు లోపలి తగాదాలు ఊరంతా చూసేశాయి. అసలు ఆ తుపాకి కేసులో మొదట 1978 డిసెంబరులో ఇచ్చిన తీర్పును 1979లో మళ్లీ విని, తిప్పేశారు కూడా.

ఆ తుపాకి చట్టం రాసిందెవరో తెలుసా? జార్జ్ డ్యుక్‌మేజియన్ అనే స్టేట్ సెనేటర్. 1977లో మరణశిక్షను తిరిగి తెచ్చిన చట్టం రాసిందీ ఆయనే. 1978లో అదే నవంబరు ఎన్నికల్లో ఆయన అటార్నీ జనరల్ అయ్యాడు. 1982లో గవర్నర్ అయ్యాడు. అంటే కోర్టులో కూర్చుని ఆయన చట్టాలను తూచేది రోజ్ బర్డ్, కోర్టులో ఖాళీ ఏర్పడితే నింపేది డ్యుక్‌మేజియన్.

ఇక మరణశిక్ష సంగతి. పదవిలో ఉన్నంతకాలం ఆమె ముందుకు 64 మరణశిక్ష కేసులు వచ్చాయి. 64 కేసుల్లోనూ శిక్ష చెల్లదనే ఆమె ఓటేశారు. ఒక్కదాంట్లో కూడా సరేననలేదు. వాటిలో 61 కేసుల్లో కోర్టులో మెజారిటీ కూడా ఆమెతోనే ఉంది. ఇందులో చట్టం చిక్కులున్నాయి. 1978లో ఓటర్లే ఒక కొత్త మరణశిక్ష చట్టాన్ని నేరుగా ఆమోదించారు. హడావుడిగా రాసిన చట్టం అది, చాలా చోట్ల అర్థం స్పష్టంగా లేదు. దోపిడీ చేస్తుండగా ఎవరైనా చనిపోతే, చంపాలనే ఉద్దేశం ఉందని జ్యూరీ తేల్చకుండా మరణశిక్ష వేయొచ్చా? తేల్చాల్సిందేనని 1983లో కోర్టు చెప్పింది. అప్పటికే ముగిసిన కేసుల్లో జ్యూరీలను ఆ మాట అడిగి ఉండకపోవడంతో వరసగా శిక్షలు రద్దయ్యాయి. టీవీలో వార్త వినేవాడికి ఇవేవీ వినపడవు. ఫలానా హంతకుడి శిక్ష మళ్లీ కొట్టేశారట అన్నదొక్కటే వినపడుతుంది.

నా మట్టుకు నాకు 64కి 64 అన్నది సులువుగా మింగుడుపడదు. ప్రతి కేసులోనూ ఆమె కారణాలు రాశారు, ఆ కారణాల్లో చాలావాటికి బలముంది. కానీ ఒక్క విచారణ కూడా సరిగ్గా జరగలేదంటే, ముందే మనసులో నిర్ణయం అయిపోయిందేమో అని మామూలు మనిషికి అనిపించడం తప్పు కాదు. మోస్క్ కూడా వ్యక్తిగతంగా మరణశిక్షకు వ్యతిరేకే. కానీ చట్టం ఉంది కాబట్టి కొన్ని కేసుల్లో సమర్థించాడు. జనం ఆయన్ని ఉంచారు. బతకనేర్చినతనమో, జడ్జి ధర్మమో మీరే అనుకోండి.

1986 ఎన్నికల్లో ఆరుగురు జడ్జిల పేర్లు బ్యాలట్ మీద ఉన్నాయి. గవర్నర్‌గా రెండోసారి పోటీచేస్తున్న డ్యుక్‌మేజియన్ ముందు రోజ్ బర్డ్‌ను, ఆ తర్వాత బ్రౌన్ నియమించిన మరో ఇద్దరిని, క్రూజ్ రెనోసో, జోసెఫ్ గ్రోడిన్‌లను కూడా దించమని ప్రచారం చేశాడు. రెనోసో ఆ కోర్టులో మొదటి లాటినో జడ్జి. గ్రోడిన్ కొన్ని కేసుల్లో మరణశిక్షను సమర్థించినవాడే. అయినా జాబితాలో చేరాడు. ఎందుకంటే ఏడుగురి కోర్టులో ఒక్క కుర్చీ ఖాళీ అయితే మెజారిటీ మారదు, మూడు ఖాళీ అయితే మారుతుంది. ఈ లెక్క ఎవరికీ తెలియనిది కాదు.

రెండు వైపులా కలిపి కోటి డాలర్లకు పైగా ఖర్చయింది. జడ్జిల ఓటింగులో అంత డబ్బు అంతకుముందు ఎవరూ చూడలేదు. టీవీలో హత్యకు గురైనవాళ్ల తల్లిదండ్రులు కనిపించి మాట్లాడారు. ఆ ప్రకటనల నిండా మరణశిక్షే. చెక్కులు రాసినవాళ్లలో మాత్రం వ్యవసాయ కంపెనీలు, బీమా, వ్యాపార వర్గాలు ఉన్నాయి. కారు ప్రమాదంలో దెబ్బతిన్నవాడు ఎదుటివాడి బీమా కంపెనీ మీదే దావా వేయొచ్చని 1979లో ఈ కోర్టు చెప్పిన తీర్పు వాళ్లకు కంటిలో నలుసు. కొత్త జడ్జిలు వచ్చాక 1988లో ఆ తీర్పు పోయింది. ఉద్దేశం ఉందని తేల్చాలన్న 1983 తీర్పును అంతకన్నా ముందే, 1987లోనే, చాలావరకు తిరగరాశారు. మీ కారు ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కూ ఆ అవును–కాదు గడికీ సంబంధం ఉందని నాకు అప్పుడు తట్టింది.

ఆమె మాత్రం ఎన్నికల మనుషుల మాట వినలేదు. సలహాదారులను పంపించేశారు. న్యాయస్థానం స్వతంత్రంగా ఉండాలని చెప్తూ తన ప్రకటనలు తానే తయారుచేయించుకున్నారు. జనం అడుగుతున్న ప్రశ్న ఒకటి, ఆవిడ చెప్పే జవాబు ఇంకొకటి. 1986 నవంబరు 4న, ఆమెకు 50 ఏళ్లు నిండిన రెండు రోజులకు, ఓటేసిన ప్రతి ముగ్గురిలో దాదాపు ఇద్దరు కాదన్నారు. రెనోసో, గ్రోడిన్ కూడా ఓడిపోయారు. మోస్క్, మిగతా ఇద్దరూ నెగ్గారు. 1934 నుంచి 52 ఏళ్లలో ఆ ప్రశ్నకు కాలిఫోర్నియా సుప్రీంకోర్టు విషయంలో జనం కాదనడం అదే మొదటిసారి. ఆ తర్వాత ఇప్పటిదాకా మళ్లీ జరగలేదు. డ్యుక్‌మేజియన్ తన పాత లా భాగస్వామి, అప్పటికే తాను బెంచి మీదకు పంపిన మాల్కం లూకస్‌ను చీఫ్ జస్టిస్ చేసి, ఖాళీ అయిన కుర్చీలు నింపుకున్నాడు.

దిగిపోయిన తర్వాత ఆమె బతుకు చదువుతుంటే కష్టమనిపించింది. రెనోసో, గ్రోడిన్ మళ్లీ లా స్కూళ్లలో పాఠాలకు వెళ్లి గౌరవంగా బతికారు. దేశంలోనే పెద్ద రాష్ట్ర కోర్టుకు పదేళ్లు అధిపతిగా ఉన్న మనిషికి మాత్రం ఏ పెద్ద లా ఫర్మూ తలుపు తెరవలేదు. కొన్నాళ్లు టీవీలో వ్యాఖ్యానాలు చేశారు, కొన్నాళ్లు ఆస్ట్రేలియాలో పాఠాలు చెప్పారు. తర్వాత పాలో ఆల్టోలో తల్లితో ఉంటూ, 1991లో ఆమె పోయేదాకా చూసుకున్నారు. చూపు లేనివాళ్ల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసేవారు. ఈస్ట్ పాలో ఆల్టోలో పేదలకు ఉచితంగా వాదించే ఒక లా ఆఫీసుకు వెళ్లి, వాలంటీరుగా జిరాక్సులు తీసి పెట్టేవారు. ఆ కాగితాలు తీస్తున్నది ఎవరో అక్కడివాళ్లలో కొందరికి మొదట్లో తెలియనే తెలియదు. నేను ఆ దారిలో డంబార్టన్ బ్రిడ్జి మీదుగా ఆఫీసుకు ఎన్నేళ్లు వెళ్లానో లెక్కలేదు. 1999 డిసెంబరు 4న స్టాన్‌ఫర్డ్ ఆసుపత్రిలో, అదే రొమ్ము క్యాన్సర్‌తో, 63వ ఏట పోయారు.

మరణశిక్ష కోసమే కదా ఇంత జరిగింది. ఆమె దిగిపోయిన ఐదేళ్లకు, 1992లో, కాలిఫోర్నియాలో మళ్లీ ఒక మరణశిక్ష అమలైంది. అప్పట్నుంచి 2006 దాకా మొత్తం 13. ఆ తర్వాత ఒక్కటీ లేదు. 2019లో గవర్నర్ న్యూసమ్ పూర్తిగా ఆపేశారు. అప్పటికి శిక్షపడి ఎదురుచూస్తున్నవాళ్లు 700 మందికి పైగా ఉన్నారు. కోర్టు మారింది, తీర్పులు మారాయి, 1986లో టీవీలో కనిపించిన ఆ తల్లిదండ్రులు కోరింది మాత్రం చాలామటుకు జరగలేదు.

మిగతా రాష్ట్రాల్లో ఉన్న మనవాళ్లకు పద్ధతి వేరు. డల్లాస్‌లో ఉన్న మా బావమరిది బ్యాలట్‌లో జడ్జి పేరు పక్కన పార్టీ పేరే ఉంటుంది. టెక్సాస్‌లో జడ్జిలు పార్టీ టికెట్ మీదే పోటీ చేస్తారు. 2018లో హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో ఒక పార్టీ గాలికి రెండో పార్టీ జడ్జిలు మూకుమ్మడిగా కొట్టుకుపోయారు, మంచివాళ్లూ చెడ్డవాళ్లూ అని తేడా లేకుండా. న్యూజెర్సీలో ఓటర్లను అడగరు. గవర్నర్ నియమిస్తాడు, సెనేట్ ఒప్పుకుంటుంది, ఏడేళ్ల తర్వాత మళ్లీ నియమిస్తే ఇక 70 ఏళ్లదాకా ఢోకా లేదు. అయోవాలో మన కాలిఫోర్నియా లాంటి ప్రశ్నే వేస్తారు. స్వలింగ వివాహాన్ని చట్టబద్ధం చేసిన తీర్పు మీద కోపంతో 2010లో అక్కడ ముగ్గురు జడ్జిలను ఒకేసారి దించేశారు. ఆ ఎన్నిక గురించి రాసినవాళ్లంతా రోజ్ బర్డ్ పేరు తలుచుకున్నారు.

మా కౌంటీలోనూ 2018లో ఒక జడ్జిని రీకాల్ ఓటుతో తీసేశారు, స్టాన్‌ఫర్డ్ విద్యార్థి చేసిన లైంగిక దాడి కేసులో ఆరు నెలల శిక్షతో సరిపెట్టాడని. నేను తీసేయమనే ఓటేశాను. ఆ శిక్ష నాకు ఇప్పటికీ అన్యాయంగానే కనిపిస్తుంది. కానీ రోజ్ బర్డ్ గురించి చదివాక, నేను కాదన్నది ఆ మనిషి పనితీరునా, ఒక్క తీర్పునా అని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. కింది కోర్టు జడ్జిలది ఇంకో విచిత్రం. వాళ్లకు ఆరేళ్లకోసారి ఎన్నిక ఉన్నా, ఎవరూ పోటీకి రాకపోతే పేరు బ్యాలట్ మీదకే రాదు. మన ట్రాఫిక్ టికెట్లు, విడాకులు, అద్దె గొడవలు వినేది వాళ్లే.

ఇప్పుడు బ్యాలట్ వచ్చినప్పుడు జడ్జిల పేజీని ముందు పక్కకు తీసిపెట్టుకుంటున్నాను. ఒక్కొక్కరి తీర్పులు ఒకటో రెండో వెతికి చదువుతాను. అప్పీలు తీర్పులన్నీ కోర్టు సైటులో ఉచితంగానే ఉంటాయి. నాకు నచ్చనిది ఒకటైనా చదవాలని నియమం పెట్టుకున్నాను. వకీలును కాను, అరగంటకు ఒక పేజీ అర్థమవుతుంది. మా ఆవిడ ఇప్పటికీ అందరికీ అవును అనే పెడుతోంది, నీ చదువు అయ్యేలోపు పోస్టు బాక్సు మూసేస్తారని నవ్వుతుంది. కిందటిసారి ఇద్దరికి అవును పెట్టాను. ఒకరిది ఖాళీగా వదిలేశాను, చదవడానికి టైము సరిపోలేదు.